రాజపూజ్యం 1, అవమానం 7

అమెరికాలో స్థిరపడిన తెలుగు పెద్దల వద్ద సకల కష్టాలకూ ఒకే మందు ఉంటుందనీ, ఆ మందు పేరు ఓపిక అనీ, దానిని వారు స్వయంగా సేవించిన దాఖలాలు పెద్దగా లేవనీ పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. గృహప్రవేశాల్లోనూ, పుట్టినరోజు విందుల్లోనూ, గుడిలో ప్రసాదం కౌంటరు దగ్గరా ఈ పెద్దలు తారసపడతారు. పేపరు ప్లేటులో పులిహోర పెట్టించుకుని, "ఏం బాబూ, గ్రీన్ కార్డు వచ్చిందా?" అని అడుగుతారు. అమెరికాలో శాశ్వతంగా ఉండనిచ్చే ఆ కార్డు రాలేదని తెలిసే అడుగుతారు. రాలేదండీ అనగానే వారి ముఖం దయతో నిండిపోతుంది. "కంగారు పడకు. లైనులో నిలబడు, అదే వస్తుంది. మేమూ అలా వచ్చినవాళ్లమే కదా!" అని భుజం తట్టి గారెల వైపు సాగిపోతారు.

ఈ మధ్య డాలస్ శివార్లలో జరిగిన ఒక సీమంతంలో ఇటువంటి పెద్దమనిషి ఒకరు, పుష్కరకాలంగా ఆ లైనులోనే నిలబడి ఉన్న ఒక ఇంజనీరుకు ఓపిక మీద అరగంట ఉపన్యాసం ఇచ్చారు. ఆయన 2001లో ఈ దేశంలో దిగి 2004లో కార్డు చేతపుచ్చుకున్నారు. ఆ రోజుల్లో మనవాళ్లకు అసలు లైనే లేదు. కాగితాలు పూర్తయినవారికి పూర్తయినట్టు కార్డులు వచ్చాయి. లైను మొదలైంది 2005లో. అంటే లైనును గురించి మనకు బోధిస్తున్న మహానుభావుడు జన్మలో లైను చూడలేదు.

ఆయన చూడని ఆ లైను ఎటువంటిదో చెప్పడం మన ధర్మం. 1990 నవంబరులో పెద్ద బుష్ సంతకం చేసిన వలస చట్టం, ఉద్యోగాల మీద వచ్చేవారికి ఏడాదికి 1,40,000 కార్డులు కేటాయించి, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి దక్కరాదని గిరి గీసింది. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండుకు 7 శాతం, 140 కోట్లు దాటిన భారతదేశానికీ 7 శాతం. ఇంతకు మించిన సమదృష్టి పరమహంసలకు కూడా ఉండదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే, పై చదువులవారికి ఉద్దేశించిన ఇబి-2 తరగతిలో ఈ లెక్కన భారతీయులకు దక్కేది ఏడాదికి సుమారు 2,800 కార్డులు. ఇతరులు వాడుకోగా మిగిలినవి ఏవైనా ఉంటే అవి అదనం. ఆ 2,800లోనే భార్యకు ఒకటి, ఊయలలో పడుకున్న బిడ్డకు ఒకటి లెక్కగడతారు. నిలబడినవారు లక్షల్లో ఉన్నారు. భాగహారం వచ్చిన పాఠకులు మిగతాది స్వయంగా చేసుకోవచ్చు. రక్తపోటు ఉన్నవారు చేయకపోవడం మంచిది.

లైనులోకి ప్రవేశించే పద్ధతి కూడా ముచ్చటగానే ఉంటుంది. ఒక మనిషి ఒక కుర్చీలో ఐదేళ్లుగా కూర్చుని పనిచేస్తూ ఉంటాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నదనీ, అర్హులైన అమెరికన్లు ఎవరైనా ఉంటే రావలసిందనీ అతని కంపెనీ రెండు ఆదివారాలు అచ్చు పత్రికలో ప్రకటన వేయాలి. సాఫ్టువేరు ఉద్యోగం కోసం ఆదివారం పత్రిక తిరగేసే అమెరికన్ యువకుడి కోసం కార్మిక శాఖ ఇప్పటికీ భక్తితో ఎదురుచూస్తోంది. అతను రాడు. అప్పుడు అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖకు పెట్టే పర్మ్ అనే కాగితం, ఆ తరువాత వలస సేవల సంస్థకు పెట్టే ఐ-140 అనే కాగితం వస్తాయి. పర్మ్ దాఖలైన రోజే మన ఇంజనీరుకు ప్రయారిటీ డేటు, అంటే లైనులో అతని చోటును తేల్చే తేదీ, అవుతుంది. అది పుట్టిన తేదీ కన్నా ముఖ్యమైనది. ఆనాటి నుంచి అతను మూడేళ్లకొకసారి వీసా పొడిగించుకుంటూ, పదోన్నతి ఇస్తామని మేనేజరు అన్నప్పుడల్లా దడుచుకుని లాయరుకు ఫోను చేస్తూ బతుకుతాడు, ఎందుకంటే పనిలో మార్పు ఎక్కువైతే ఆ కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాలి. అతనికి ఇల్లు కొనుక్కునేందుకు 30 ఏళ్ల రుణం బ్యాంకు సంతోషంగా ఇస్తుంది. ఉద్యోగం ఊడితే దేశంలో ఉండనిచ్చేది 60 రోజులు.

స్టేట్ డిపార్ట్‌మెంటు ఏ ప్రయారిటీ డేటు దాకా కార్డులు ఇస్తారో చెబుతూ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌ను మనవాళ్లు ఎంత శ్రద్ధతో చదువుతారో చూసిన తరువాత నాకు ఒక ప్రతిపాదన తోచింది. ఫెడరల్ ప్రభుత్వానికి సంవత్సరాది అక్టోబరు 1. ఆ రోజున ప్రవాసాంధ్రులంతా గుడి హాలులో సమావేశమై, పచ్చడి పుచ్చుకుని, శాస్త్రోక్తంగా బులెటిన్ పంచాంగ శ్రవణం జరిపించుకోవాలి. సూటు మీద జరీ కండువా వేసుకున్న ఇమిగ్రేషన్ లాయరు గారు సిద్ధాంతి స్థానంలో ఆసీనులై, గొంతు సవరించుకుని ప్రారంభిస్తారు.

"ఈ సంవత్సరమునకు రాజు స్టేట్ డిపార్ట్‌మెంటు, మంత్రి కార్మిక శాఖ, సేనాధిపతి హోమ్‌లాండ్ సెక్యూరిటీ, మేఘాధిపతి కాంగ్రెసు. మేఘాధిపతి కాంగ్రెసు అగుటచే ఉరుములు మెండుగాను, వర్షము శూన్యముగాను ఉండును. 2019 జులైలో ప్రతినిధుల సభయందు 365కు 65 ఓట్లతో ఈ 7 శాతం గిరి తొలగించు బిల్లు నెగ్గి ఘోరముగా ఉరిమెను. 2020 డిసెంబరులో సెనేటునందు వేరొక రూపమున మరల ఉరిమెను. మేఘములు రెండును ఒకచోట కలియకపోవుటచే చినుకు రాలలేదు."

సభలో నిట్టూర్పులు వినబడతాయి. సిద్ధాంతి గారు పుట తిప్పుతారు. "ఇబి-1 రాశి వారికి ఆదాయం 8, వ్యయం 5, రాజపూజ్యం 6, అవమానం 2. ఇబి-2 రాశి వారికి ఆదాయం 14, వ్యయం 14, అందు లాయరు ఫీజు ప్రత్యేకము; రాజపూజ్యం 1, అవమానం 7. ఇబి-3 వారి రాజపూజ్యం అచ్చులో పడలేదు."

తరువాత గ్రహచారం. శనైశ్చరుడు వక్రించినా నాలుగున్నర నెలల్లో మళ్లీ దారిలో పడతాడు. 2022 సెప్టెంబరు బులెటిన్‌లో ఇబి-2 భారతీయుల తేదీ 2014 డిసెంబరు 1 దగ్గర ఉండేది. అక్టోబరు వచ్చేసరికి అది 2012 ఏప్రిల్ 1కి వక్రించింది. డిసెంబరులో 2011 అక్టోబరు 8కి జారిపోయింది. మూడు నెలల్లో మూడేళ్లకు పైగా వెనక్కి నడిచిన గ్రహం సౌరకుటుంబంలో మరొకటి లేదు. 2025 ముగిసేనాటికి కూడా ఆ తేదీ, తాను ఒకనాడు నిలబడిన 2014 డిసెంబరుకు తిరిగి చేరుకోలేదు. సిద్ధాంతి గారు ఈ సంగతి వివరించి, దీనికి గోచారరీత్యా శాంతి లేదని సెలవిస్తారు.

అప్పుడు వెనుక వరుసలో ఒకాయన లేచి, "అయ్యా, నాది 2016 మే. నాకు యోగం ఎప్పుడు?" అని అడుగుతాడు. సిద్ధాంతి గారు కళ్లు మూసుకుని గుణించి, "నాయనా, నీకు ఈ గడ్డ మీద పుట్టిన సంతానం ఉన్నదా?" అంటారు. "ఉన్నాడండీ, మా చిన్నవాడు. మూడో ఏడు నడుస్తోంది." సిద్ధాంతి గారి ముఖం వికసిస్తుంది. "అయితే భయం లేదు! వాడు పుట్టుకతో పౌరుడు. 21 నిండగానే తల్లిదండ్రులకు వాడే దరఖాస్తు పెడతాడు. దానికి ఏ గిరీ లేదు. ఇరవై ఏళ్ల అనుభవంతో నువ్వు తెచ్చుకోలేనిది వాడు తెచ్చిపెడతాడు. వాడికి పాలూ పెరుగూ బాగా పెట్టు." హాలు చప్పట్లతో మారుమోగిపోతుంది. ఇందులో నా కల్పన కండువా వరకే. చట్టం అచ్చంగా అదే చెబుతుంది.

ఇక వివాహ పొంతనలు. ఈ గిరి పౌరసత్వాన్ని చూడదు, పుట్టిన చోటును చూస్తుంది. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే రెండోవారు కూడా ఆ దేశం ఖాతాలో చేరవచ్చు. కనుక గోత్రం, నక్షత్రం అడిగే కాలం చెల్లింది. కడప నుంచో కోనసీమ నుంచో కువైట్ వెళ్లిన దంపతులకు అక్కడి ఆసుపత్రిలో పుట్టిన అమ్మాయి దొరికితే, ఆ పెళ్లికొడుకుకు వరుసలో ఇరవై ఏళ్లు కలిసి వస్తాయి. ఇంతకాలం ఎడారిలో చాకిరీ చేసిన ఆ తల్లిదండ్రులను తేలికగా చూసిన కుటుంబాలు ఇప్పుడు వారి అమ్మాయి జనన ధ్రువపత్రానికి రెండు చేతులా నమస్కరించాలి. కట్నం ఎవరు ఎవరికి ఇవ్వాలో పెద్దలు మళ్లీ ఆలోచించుకోవాలి.

శ్రవణం ముగిసిన తరువాత వందన సమర్పణకు మన పెద్దమనిషి వేదిక ఎక్కి, ఓపిక గురించి మాట్లాడతారు. మాట్లాడనిద్దాం. ఆయన పక్కన కూర్చున్న మరికొందరు పెద్దలకు మాత్రం ఒక సంగతి గుర్తు చేయాలి. 2007 జులైలో బులెటిన్ అందరినీ దరఖాస్తు చేసుకోమని పిలిచి, తీరా నెల మొదలవగానే నాలుక మడత వేసింది. అప్పుడు లైనులో ఉన్న భారతీయులు ఊరుకోలేదు. వలస సేవల సంస్థ అధిపతికి వందలాదిగా పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి పంపించివేశారు. పత్రికలు రాశాయి, ప్రభుత్వం దిగివచ్చింది, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది. ఆనాడు పూలు పంపినవారు, ఆ ద్వారం గుండా లోపలికి వెళ్లినవారు ఈ రోజు ముందు వరుస సోఫాల్లో ఉన్నారు. మీరు ఓపిక పట్టలేదండీ. పట్టకపోవడం వల్లే మీకు పని జరిగింది.

మన పాపం మనం దాచుకోనక్కరలేదు. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాల కోసం 2023 మార్చిలో జరిగిన లాటరీలో చెల్లిన నమోదులు ఏడున్నర లక్షలు దాటితే, వాటిలో నాలుగు లక్షలకు పైగా ఒకే మనిషికి అనేక కంపెనీలు వేసినవి. మరుసటి ఏడు మనిషికి ఒక్కటే చీటీ అని నిబంధన మార్చవలసి వచ్చింది. ఆ చీటీల్లో మన కన్సల్టెన్సీల చేయి లేదని ఎవరైనా అంటే అమీర్‌పేట మెట్ల మీద కూర్చున్న కుర్రవాడు కూడా నవ్వుతాడు. లైనును గౌరవించమనే ఉపన్యాసాలు దంచేవారిలో ఆ కన్సల్టెన్సీల యజమానులు కూడా ఉండటమే నాకు వింత.

ఇంతవరకు నవ్వుతూ చెప్పగలిగాను. ఆ సీమంతంలో ఇంజనీరు చివరకు తన అసలు బాధ చెప్పుకున్నాడు. అతని పెద్దమ్మాయి హైదరాబాదులో పుట్టి రెండో ఏట ఇక్కడికి వచ్చింది. చట్టం లెక్కలో 21 నిండిన రోజున ఆ పిల్ల తండ్రి దరఖాస్తు నుంచి రాలిపోతుంది. అమ్మ, నాన్న, తమ్ముడు ఒక ఇంట్లో ఉంటారు. ఆమె మాత్రం విదేశీ విద్యార్థినిగా వీసా తెచ్చుకోవాలి, చాలాచోట్ల విదేశీయుల ఫీజు కట్టాలి, తరువాత లాటరీ వేసుకోవాలి, అదృష్టం బాగుండి అది తగిలితే భారతదేశంలో పుట్టిన నేరానికి వెళ్లి అదే లైను చివర, తండ్రికి ఎన్నో ఏళ్ల వెనుక, నిలబడాలి. కాగితాలు లేకుండా తల్లిదండ్రులు తీసుకువచ్చిన పిల్లలకు ఒబామా కాలంలో కొంత రక్షణ కల్పించారు, కల్పించవలసిందే. చట్టప్రకారం వచ్చిన ఈ పిల్లలకు ఆ రక్షణ వర్తించదు, కారణం వాళ్ల దగ్గర కాగితాలు ఉండటమే. ఇది విన్న పెద్దమనిషి పులిహోర నములుతూ, "దానికేముంది, కెనడా పంపించు" అన్నారు.

సిగ్గు లేదా? ఇంటి భాష, స్నేహితులు, బడి, జ్ఞాపకాలు అన్నీ ఇక్కడివే అయిన పిల్లను ఎక్కడికో పంపించు అనడానికి నోరు ఎలా వచ్చింది? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేత్‌లో ఒక దుండగుడు మన హైదరాబాదు ఇంజనీరు ఒకరిని కాల్చి చంపితే, అతని భార్యకు భర్తతో పాటు ఈ దేశంలో ఉండే హక్కు కూడా పోయింది, ఎందుకంటే ఆమె వీసా అతని వీసాకు కట్టి ఉంది. అంత్యక్రియలకు స్వదేశం వెళ్లిన మనిషి తిరిగి తన ఇంటికి రాగలనా అని భయపడవలసి వచ్చింది. ఒక కాంగ్రెసు సభ్యుడు పూనుకుని ప్రయత్నిస్తే తప్ప ఆమెకు దారి దొరకలేదు. వార్తల్లోకి ఎక్కని వితంతువులకు ఎవరు పూనుకుంటారు? తండ్రి పోయాడని ఫోను వచ్చినా, వెళితే పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగు దొరికి తిరిగి రాగలమో లేదో తెలియక, ఫోను తెరలో చితిని చూసి దండం పెట్టుకున్నవారిని మీరు ఎరుగుదురు. వారి ఇంటికి పరామర్శకు వెళ్లినది మీరే. అక్కడ కూడా ఓపిక అనే అన్నారు.

తెలుగు సంఘాల మహాసభలు వచ్చినప్పుడు మీరు కాంగ్రెసు సభ్యులను పిలుస్తారు. వారు వచ్చి "నమస్కారం" అంటే ఐదు నిమిషాలు చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, ఎన్నికల విరాళం ఎంత ఇచ్చారో మరుసటి ఆదివారం అందరికీ చెప్పుకుంటారు. ఓటు ఉన్నది మీకు. లైనులో నిలబడినవాడికి దాదాపు అన్నిచోట్లా వీధి చివర స్కూలు బోర్డు ఎన్నికలో కూడా ఓటు లేదు. 21 నిండే ఈ పిల్లలను కాపాడే 'అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్' అనే బిల్లు 2021లో మొదటిసారి కాంగ్రెసు ముందుకు వచ్చింది. ఈసారి శాలువా విప్పే ముందు ఆ అతిథిని మైకులో అందరూ వినేలా ఒక్క మాట అడగండి: అయ్యా, ఆ బిల్లుకు మీరు మద్దతుగా సంతకం పెట్టారా? పెట్టలేదని తేలితే శాలువా మడిచి సంచిలో పెట్టుకుని దిగిరండి. ఫొటోగ్రాఫరుకు ఒక ఫొటో తగ్గుతుంది, అంతకు మించి ఎవరికీ ఏ నష్టమూ లేదు.