ఒక్క బిట్టుకి 64 సీట్ల బస్సు

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్, అంటే మెమరీనీ ప్రాసెసర్నీ ప్రోగ్రాములకి పంచే నడిమి భాగం, రాసే ప్రతివాడూ సొంత బిట్‌మ్యాప్ రాసుకోవడం వెంటనే మానెయ్యాలని, అందరికీ పనికొచ్చే జెనరిక్ బిట్‌మ్యాప్ ఒక్కటే వాడాలని గట్టిగా ప్రతిపాదిస్తున్నాను. జెనరిక్ అనగానే మందుల షాపు గుర్తొచ్చి చవక అనుకునేరు. ఆ జెనరిక్ వేరు.

బిట్‌మ్యాప్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, కండక్టరు దగ్గరుండే సీట్ల చార్టు. సీటు నిండితే 1, ఖాళీ అయితే 0. 4 జీబీ మెమరీని 4 కేబీ పేజీలుగా కోస్తే 10,48,576 పేజీలొస్తాయి. వాటిలో ఏది ఖాళీయో రాసిపెట్టుకోవడానికి 128 కేబీ చాలు. ఇంత సుఖంగా ఉన్నదాన్ని అలా వదిలేస్తే మన చదువులెందుకు?

మొదటి నిబంధన, బిట్లు విడిగా అమ్మబడవు. లినక్స్ కెర్నల్లో బిట్‌మ్యాప్ అంటే అన్‌సైన్డ్ లాంగ్ అనే పూర్ణసంఖ్యల వరస. 64 బిట్ల మెషీన్ మీద ఒక్కో లాంగ్ 64 బిట్లు, కాబట్టి ఒక్క బిట్టు అడిగినా 8 బైట్లు చేతిలో పెడతారు. ఒక్కడు ఎక్కాలన్నా 64 సీట్ల బస్సే. 65వ వాడొస్తే రెండో బస్సు. ప్రాసెసర్ 64 సీట్లనీ ఒక్క చూపులో చూసేస్తుంది కాబట్టి ఇందులో న్యాయం ఉంది. ఆ మిగిలిపోయిన సీట్ల సంగతి మాత్రం ఇప్పుడే అడక్కండి.

ఖాళీ సీటు వెతికే పద్ధతి మరీ ముచ్చటగా ఉంటుంది. సీట్ల నంబర్లు 0 నుంచి 63 దాకా. బస్సు నిండిపోతే కండక్టరు మొహం మీద "లేదు" అనడు, మొహమాటం. "64" అంటాడు. 64 అంటే లేదని అర్థం. తెలిసినవాడు బుద్ధిగా దిగిపోతాడు. తెలియనివాడు నేరుగా వెళ్లి 64లో కూర్చుంటాడు, అంటే బస్సు బయట, పక్కవాడి మెమరీ ఒళ్లో.

ఒకే చార్టు మీద ఇద్దరు కండక్టర్లు రాస్తే ఇంకో తంటా. చార్టు మొత్తం ఎత్తి రాసుకుని, తన సీటుకి టిక్కు పెట్టి, మళ్లీ మొత్తం దించేలోపు రెండోవాడూ అదే పని చేస్తే మొదటివాడి టిక్కు మాయం. అందుకే సెట్ బిట్ అనే ఫంక్షన్ మధ్యలో ఎవర్నీ దూరనివ్వకుండా ఒక్క ఊపులో పని కానిస్తుంది. అంత జాగ్రత్త అక్కర్లేదు, స్పీడు కావాలి అనేవాళ్లకి అదే పేరుకి ముందు రెండు అండర్‌స్కోర్లు తగిలించారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిన రోజు నేను కెర్నల్ జోలికి పోను.

లినక్స్‌లో ఒకప్పుడు నడిచే ప్రోగ్రాములకిచ్చే ప్రాసెస్ నంబర్లకీ బిట్‌మ్యాపే ఉండేది. 4,096 బైట్ల పేజీలో 32,768 బిట్లు పడతాయి. నంబర్ల డిఫాల్టు హద్దూ 32,768. 4.15 వెర్షన్లో ఆ బిట్‌మ్యాప్‌ని పీకేసి నంబర్లు పంచిపెట్టే ఐడీఆర్ అనే మరో జెనరిక్‌ని పెట్టారు. సోర్సులో డిఫాల్టు హద్దు మాత్రం కదల్లేదు, అద్దెకున్నాయన ఖాళీ చేసినా గేటు మీద ఆయన బోర్డు వేలాడుతున్నట్టు.

ఇక మిగిలిన సీట్ల సంగతి. ఆదివారాలు నేనూ ఓ కెర్నల్ రాసుకుంటుంటాను. బూట్ అవడం తప్ప దానికి వేరే పనేం రాదు. ప్రోగ్రాములకి పంచడానికి 1,000 పేజీలు తీసి, వాటికి నా జెనరిక్ బిట్‌మ్యాప్ వేశాను. 16 లాంగ్‌లు, అంటే 1,024 బిట్లు. చివరి 24 బిట్లకి వెనక పేజీలే లేవు, కానీ వాటిలో ఉన్నది 0, కాబట్టి ఖాళీ కిందే లెక్క. అసలు పేజీలన్నీ అయిపోగానే నా కోడు లేని పేజీలని ధారాళంగా పంచడం మొదలెట్టింది. రాత్రి పదకొండుకి విసుగొచ్చి ఆ 24 బిట్లనీ ముందే 1 చేసి పారేశాను. దెబ్బకి దారికొచ్చింది.

గర్వంగా మా అబ్బాయిని పిలిచి చూపించాను. వాడు స్క్రీన్ వంక చూసి, "నాన్నా, ఇంకా ఒక్క ప్రోగ్రామూ నడవట్లేదు కదా, ఆ 24 పేజీలు ఎవరు వాడుతున్నారు?" అన్నాడు.

"స్టాఫు" అన్నాను.