బస్తాలు వేరు, వంశం వేరేనా?

వానాకాలం ముందు నాగర్‌కర్నూల్‌లో ఏ విత్తనాల దుకాణానికి పోయినా మక్క బస్తాలు రంగురంగులుగా పేర్చి ఉంటాయి. ఇన్ని రకాలున్నాయి కదా, ఒకటి దెబ్బతిన్నా ఇంకోటి నిలబడుతుందిలే అనుకుంటాం. బస్తా మీద హైబ్రిడ్ పేరుంటుంది గానీ దాని తల్లిదండ్రులెవరో ఉండదు. పేరు మారినంత మాత్రాన వంశం మారినట్టు కాదు.

అమెరికా ఈ సంగతిని 1970లో నష్టపోయి తెలుసుకుంది. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే తల్లి వరుసల్లో మగపూతను చేత్తో పీకాలి. ఆ కూలి ఖర్చు మిగులుతుందని, పుప్పొడి రాల్చని 'టెక్సాస్' తల్లి మొక్కలనే కంపెనీలు విరివిగా వాడాయి. అక్కడి మక్కలో సుమారు 85 శాతం ఆ తల్లి సంతానమే అయింది. ఆకు ఎండు తెగులులో కొత్త రకం ఒకటి పుట్టి సరిగ్గా ఆ తల్లి నుంచి వచ్చిన లక్షణాన్నే పట్టుకుంది. దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది. అప్పుడు కూడా బస్తాల మీద పేర్లకేం కొదవలేదు!

మన చెల్కల్లో బెడద వేరు. సరిగ్గా పూత మీదున్నప్పుడు వాన మొహం చాటేస్తే మగపూత తన టైముకు వచ్చేస్తుంది, పుప్పొడి అందుకుని గింజ కట్టాల్సిన కంకి పీచు మాత్రం ఆలస్యమవుతుంది. పీచు బయటికి వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. కంకి ఒలిస్తే సగం బోసి. మెక్సికోలోని అంతర్జాతీయ మక్క, గోధుమ పరిశోధన కేంద్రం 'సిమిట్' శాస్త్రవేత్తలు ఈ ఎడం తక్కువున్న మొక్కలనే తరాల తరబడి ఏరుతూ ఎద్దడిలోనూ దిగుబడి పెంచారు. ఏరడానికి మొక్కల మధ్య తేడా అంటూ ఉంది కాబట్టే అది కుదిరింది.

మక్కలో ఆ తేడాకు కరువు లేదు. సుమారు 9 వేల ఏళ్ల కింద మెక్సికోలో టియోసింటే అనే గడ్డి నుంచి వచ్చిన పంట ఇది. ఒక రకంలో ఉన్న జన్యువు మరో రకంలో అసలే లేకపోవచ్చు. 2009లో ఒక్క రకం జన్యుపటం చదివితే, 2021 నాటికి 26 రకాలవి పక్కపక్కన పెట్టి చూశారు.

అయితే డీఎన్‌ఏ రిపోర్టు చూసి మురిసిపోతే లాభం లేదు. బోరు నీళ్లు పారే ప్లాటులో గెలిచిన రకం అచ్చంపేట చెల్కలో గెలుస్తుందని నమ్మకమేంటి? పాలెం పరిశోధన కేంద్రం మన దగ్గరే ఉంది. మార్కెట్లో ఉన్న హైబ్రిడ్లను అక్కడ వానాధారంగా వేసి చూడాలి, ఏది దేనికి చుట్టమో జన్యు పరీక్షతో తేల్చాలి. ఆ జాబితా జూన్‌కు ముందే రైతువేదికల గోడకు అంటించాలి, తెలుగులో.