సవరణ: జర్మనీ రైతుల డీజిల్ రాయితీ

బెర్లిన్‌లో రైతులు ట్రాక్టర్లతో చేసిన ఆందోళన గురించి పెట్టిన పోస్టులో, 2024 జనవరిలోనే జర్మనీ వ్యవసాయ డీజిల్ రాయితీని పూర్తిగా ఎత్తేసిందనీ, ట్రాక్టర్లకు వాహన పన్ను మినహాయింపు కూడా పోయిందనీ రాశాను. రెండూ తప్పు. ప్రభుత్వం మొదట పెట్టిన ప్రతిపాదననే చట్టం అనుకున్నాను.

జర్మనీ కస్టమ్స్ శాఖ వివరాలు, అప్పటి ప్రభుత్వ ప్రకటనలు చూశాక తేలింది ఇది. అక్కడి రైతు బంకులో అందరిలాగే పూర్తి ధర కడతాడు. తర్వాత కస్టమ్స్ శాఖకు దరఖాస్తు పెట్టుకుంటే లీటరుకు 21.48 సెంట్లు వెనక్కి వచ్చేవి. ఏడాదికి 10,000 లీటర్లు వాడే రైతుకు అది 2,148 యూరోలు, చిన్న మొత్తమేమీ కాదు. రైతులు రోడ్డెక్కాక, 2024 మార్చిలో ఖరారైన చట్టం దీన్ని విడతలవారీగా తగ్గించింది. ముందు సుమారు 12.9 సెంట్లకు, 2025లో 6.44కు, 2026 నుంచి సున్నాకు తేవాలన్నది లెక్క. అయితే 2025లో వచ్చిన కొత్త సంకీర్ణం రాయితీని పూర్తిగా పునరుద్ధరిస్తామని తన ఒప్పందంలోనే రాసుకుంది.

వాహన పన్ను మినహాయింపు జోలికి అసలు వెళ్లలేదు. ఆ ఆలోచనను 2024 జనవరి 4నే విరమించుకున్నారు. ఆ మినహాయింపుకు గుర్తుగా ట్రాక్టర్లకుండే ఆకుపచ్చ అక్షరాల నంబర్ ప్లేట్లు అలాగే ఉన్నాయి.

ఇంకో మాట. ఈ కోత కేవలం పర్యావరణం కోసమే అన్నట్టు నా పోస్టు ధ్వనించింది. వెంటనే తోసిన కారణం డబ్బు. 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం కోవిడ్ కోసం అనుమతించిన 6,000 కోట్ల యూరోల రుణాన్ని వాతావరణ నిధికి మళ్లించడాన్ని కొట్టేయడంతో బడ్జెట్‌లో పెద్ద లోటు పడింది.