సవరణ: కోఫాక్స్ గెలిచినవి మూడు కాదు, రెండు

చిన్నప్పుడు చూసిన బేస్‌బాల్ ఆటగాళ్లను తలుచుకునే పెద్దవాళ్ల గురించి మొన్న రాసిన పోస్టులో, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) శాండీ కోఫాక్స్ విషయంలో రెండు తప్పులు దొర్లాయి. క్షమించండి.

1965లో, అమెరికా బేస్‌బాల్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో యూదుల పర్వదినం యోమ్ కిప్పూర్ కోసం మొదటి మ్యాచ్ మానేసి, తర్వాత ఆడిన మూడూ ఆయన గెలిచారని రాశాను. మానేసింది నిజమే. కానీ రెండో మ్యాచ్‌లో మిన్నెసోటా ట్విన్స్ చేతిలో 5-1తో ఓడారు. గెలిచినవి ఐదోది, ఏడోది. ఆ రెండింటిలోనూ అవతలివాళ్లకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. పైగా ఏడోది కేవలం రెండు రోజుల విశ్రాంతితో, నొప్పెడుతున్న ఎడమ మోచేత్తో విసిరారు. ఆ ఓటమిని వదిలేస్తే ఈ గెలుపుల బరువు తెలియదు, అందుకే ఇంత పట్టుదలగా దిద్దుతున్నాను.

రెండోది, ఆట తగ్గిపోయి తప్పుకున్నారన్నాను. అది మరీ అన్యాయం. చివరి ఏడాది 1966లో ఆయన 27 విజయాలు సాధించారు, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు కూడా అందుకున్నారు. మోచేతి కీళ్లవాతం ముదిరి, చెయ్యి శాశ్వతంగా పాడవుతుందన్న భయంతో 30 ఏళ్లకే ఆపేశారు. ఆ తరం అభిమానులు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు. వాళ్లు ఆయన ఆట దిగజారడం చూడనేలేదు. వాళ్ల కళ్లలో ఆయన ఇంకా 1965 సెప్టెంబరు 9 రాత్రి, షికాగో కబ్స్‌లో ఒక్క బ్యాటర్‌నీ బేస్ (పరుగు కోసం చేరాల్సిన మజిలీ) చేరనివ్వని కుర్రాడే.

పాత పోస్టులో ఈ రెండు చోట్లా దిద్దాను.