జొన్నలు పట్టే మరలో బంగారం

2025 ఏప్రిల్‌లో తులం బంగారం లక్ష దాటినప్పుడు మన దగ్గర పెద్ద గోలే అయింది. పెళ్లిళ్లు పెట్టుకున్నవాళ్లకి టెన్షన్, ఎప్పుడో చవగ్గా కొని బీరువాలో దాచుకున్నవాళ్లకి సంబరం. బంగారం ధర ఎగిరినప్పుడల్లా మాకు మాత్రం నైజీరియాలోని రెండు పల్లెలు గుర్తొస్తాయి. ఒకటి డరేటా, రెండోది యార్గల్మా. రెండూ ఆ దేశానికి వాయవ్య మూలన ఉన్న జంఫారా రాష్ట్రంలోవి. అక్కడ తవ్విన బంగారం మన మెడల్లోకి వచ్చిందని చెప్పడం మా ఉద్దేశం కాదు, ఎక్కడికి పోయిందో ఎవరు చూశారు. కానీ ధర మాత్రం ప్రపంచమంతటికీ ఒకటే, అది పెరిగితే ఇక్కడ కొనేవాళ్లు తగ్గుతారు, అక్కడ తవ్వేవాళ్లు పెరుగుతారు.

2009 చివరికి ఔన్సు బంగారం వెయ్యి డాలర్లు దాటి నిలబడింది. జొన్నలు, సజ్జలు పండించుకునే ఆ పల్లెల్లో సేద్యం మీద వచ్చేదేముంది, అందుకని జనం గునపాలు పట్టుకుని రాళ్ల మీద పడ్డారు. తవ్విన రాయిని సంచులకెత్తి ఇంటికే తెచ్చేవాళ్లు. పెద్ద ముక్కల్ని సుత్తితో చితక్కొట్టి, ఆ తర్వాత జొన్నలు పట్టే పిండిమరలోనే రాయి కూడా పట్టేవాళ్లు. ఆ పొడిని నీళ్లలో కడిగి, పాదరసం కలిపి, కాల్చి బంగారం తీసేవాళ్లు. ఇదంతా చాలాచోట్ల లోగిట్లోనే జరిగింది, ఎందుకంటే అక్కడి ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు ఘోషా పాటిస్తారు, బయటికొచ్చి పని చేయరు, కాబట్టి పనే లోపలికి వచ్చింది. అదే లోగిట్లో పిల్లలు పాకుతారు, మట్టిలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు, కోళ్లు తిరుగుతాయి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది.

బంగారం రాళ్లన్నీ ఇలా చంపవు. ఈ రాళ్లలో బంగారంతో పాటు సీసం కూడా దండిగా ఉంది, గొడవంతా అక్కడే వచ్చింది.

2010 మార్చిలో ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ వాళ్లు (ఎం.ఎస్.ఎఫ్. అంటారు) మెదడువాపు లాంటి జ్వరాల మీద కన్నేసి ఆ ప్రాంతంలో తిరుగుతున్నారు. పిల్లలు లెక్కకు మించి చనిపోతున్నారని వాళ్ల చెవిన పడింది. ఊళ్లో అడిగితే మలేరియా అన్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఆ వైపు పసిబిడ్డకి ఒళ్లు కాలి ఫిట్స్ వస్తే ఎవరైనా మలేరియా అనే అంటారు, డాక్టరైనా ముందు అదే అనుకుంటాడు. కొందరు అసలు చావులే జరగలేదన్నారు, నిజం చెబితే సర్కారు తవ్వకం ఆపించేస్తుందని భయం. చివరికి పిల్లల రక్తం తీసి జర్మనీ దాకా పంపిస్తే అక్కడ తేలింది, సీసం అని.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. నైజీరియా బీద దేశమే కానీ చదువులేని దేశం కాదు. ఆఫ్రికాలో అందరికంటే ఎక్కువ జనాభా, యూనివర్సిటీలకు లోటు లేదు, చమురు డబ్బు కూడా ఉంది. సీసం మీద ప్రపంచంలోనే పేరున్న శాస్త్రవేత్తల్లో జెరోమ్ న్రియాగు ఒకరు, ఆయన పుట్టింది నైజీరియాలోనే. రోమన్ సామ్రాజ్యపు దొరలు సీసం పాత్రల్లో కాచిన ద్రాక్షరసం వల్ల ఎలా జబ్బుపడి ఉంటారో 1983లోనే రాసిన మనిషి. కెనడాలో కూర్చుని రెండు వేల ఏళ్ల కిందటి సీసాన్ని పసిగట్టిన మనిషి పుట్టిన దేశంలో, కళ్లముందు చచ్చిపోతున్న పిల్లల ఒంట్లో ఏముందో చెప్పడానికి రక్తం ఇంకో ఖండానికి పోవాల్సి వచ్చింది. మేం వేలెత్తి చూపేది ఆయన్ని కాదు, ఆయనలాంటివాళ్లకి సొంత గడ్డ మీద ఒక ల్యాబ్, నాలుగు జీతాలు, ఒక జీపు ఇవ్వలేని ఏర్పాటుని.

తర్వాత అమెరికా నుంచి వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) మనుషులు నైజీరియా అధికారులతో కలిసి ఆ రెండు ఊళ్లలో 119 లోగిళ్లు తిరిగి అడిగారు. ఐదేళ్లలోపు పిల్లలు 463 మంది. అందులో అంతకుముందు ఒక్క ఏడాదిలో పోయినవాళ్లు 118 మంది. నలుగురిలో ఒకరు. చనిపోయేముందు ఫిట్స్ వచ్చాయని చెప్పినవే ఎక్కువ. మిగిలిన పిల్లల్లో 204 మందికి రక్తపరీక్ష చేస్తే సీసం లేని పిల్లే లేదు. డెసిలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తంలో 45 మైక్రోగ్రాములు దాటితే సీసాన్ని బయటికి లాగే మందు మొదలుపెట్టాలని లెక్క. 204 మందిలో 198 మంది ఆ గీత దాటేశారు. ఇప్పుడు అమెరికాలో 3.5 ఉంటేనే ఆ బిడ్డ మీద ఓ కన్నేసి ఉంచమంటున్నారు. మొత్తం మీద ఆ ఏడాది జంఫారాలో సీసానికి బలైన పిల్లలు 400 మంది దాకా ఉంటారని ఎం.ఎస్.ఎఫ్. అంచనా.

ఎందుకింత ఎక్కువ? దీనికి జవాబు డాక్టర్ల దగ్గర లేదు, రాళ్ల గురించి చదివినవాళ్ల దగ్గర దొరికింది. అమెరికా భూగర్భ సర్వే వాళ్లు ఆ మట్టిని, ఆ రాతిపొడిని పరీక్షించి 2013లో రాశారు. మామూలుగా సీసం గంధకంతో కలిసి గలీనా అనే రాయిగా ఉంటుంది, అది కడుపులో అంత తేలిగ్గా కరగదు. ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఆ రాయి మారిపోయి చాలా సీసం కార్బొనేట్ల రూపంలోకి వచ్చేసింది, అది కడుపులోని ఆమ్లంలో ఇట్టే కరిగిపోతుంది. దాన్ని మరలో పట్టి మైదాపిండిలా చేశారు. పైగా పసిపిల్లల పేగు, మింగిన సీసాన్ని పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది, ఇనుము, కాల్షియం చాలని పిల్లలైతే ఇంకా ఎక్కువ. అక్కడి పిల్లలకి ఆ లోటు కొత్తదేం కాదు. ఇన్నీ ఒక్కచోట కలిశాయి.

మా పాఠకులకి ఈ సంగతి ఇంత వివరంగా చెబుతున్నది ఎందుకంటే, ప్రజారోగ్యం అనగానే మందులు, సూదులు, టీకాలు అనుకునే అలవాటు మనందరిదీ. పర్యావరణం అనగానే చెట్లు, జూన్ 5న ఫొటోలు. ఈ రెండూ రెండు శాఖలు, రెండు ఆఫీసులు, రెండు ఫైళ్లు. జంఫారాలో ఆ ఫైళ్లు ఒకదాన్నొకటి చూసి ఉంటే ఎంతమంది పిల్లలు బతికేవాళ్లో మేం లెక్క కట్టలేం.

ఎం.ఎస్.ఎఫ్. డాక్టర్లకి మొదట్లోనే ఒక సంగతి అర్థమైంది. బిడ్డకి మందిచ్చి రక్తంలోంచి సీసం తీసేసి ఇంటికి పంపితే, ఆ బిడ్డ పోయేది మళ్లీ అదే మట్టిలోకి. రంధ్రం ఉన్న పడవలోంచి నీళ్లు తోడినట్టే. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు, ముందు ఊరు శుభ్రం కావాలి, ఆ తర్వాతే మందు. వినడానికి కటువుగా ఉంటుంది, ఫిట్స్‌తో ఉన్న బిడ్డని చూస్తూ మట్టి తీసేదాకా ఆగమనడం. అయినా వాళ్లదే సరైన లెక్క అని మా అభిప్రాయం. శుభ్రం చేయడం ఎలాగో చూపించడానికి అమెరికాలోని ఐడహో నుంచి టెర్రాగ్రాఫిక్స్ అనే చిన్న కంపెనీ మనుషులు వచ్చారు, వాళ్ల దగ్గర సీసం గనుల ఊళ్లని శుభ్రం చేసిన అనుభవం ఉంది. యంత్రాలు తేలేదు పెద్దగా. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, కూలిచ్చి, పారలతో గడ్డపారలతో లోగిళ్లలో పైమట్టి తీయించి, ఊరి బయట గొయ్యి తవ్వి పూడ్పించి, మంచి మట్టి తెచ్చి పరిపించారు. అన్కా ఎమీరు (ఆ ప్రాంతపు సంప్రదాయ పాలకుడు), ఊరి పెద్దలు పక్కన నిలబడ్డారు. ఆ పెద్దలు ఒప్పుకోకపోతే ఏ శాస్త్రవేత్తా లోగిలి గడప దాటలేడు, ఈ ముక్క పరిశోధనా పత్రాల్లో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది గానీ అసలు పని జరిగింది అక్కడే.

వానాకాలం వచ్చేలోపు మొదటి ఊళ్లు అయ్యాయి, ఆ తర్వాత ఇంకొన్ని. అన్నిటికంటే పెద్దది బగేగా. అక్కడ మాత్రం రెండేళ్లకు పైగా ఏమీ జరగలేదు. నైజీరియా కేంద్ర ప్రభుత్వం 85 కోట్ల నైరాలు (అక్కడి రూపాయి లాంటిది) ఇస్తానంది, ఆ డబ్బు 2013 జనవరికి గానీ కదల్లేదు. ఈలోపు ఆ ఒక్క ఊళ్లోనే వెయ్యి మందికి పైగా పిల్లలు ఆ మట్టిలోనే ఆడుకుంటూ మందు కోసం ఎదురుచూశారు. డబ్బు చేతికొచ్చాక పని ఆ ఏడాదే పూర్తయింది. అంటే పని తెలుసు, మనుషులున్నారు, మందుంది, ఆగింది సంతకం కోసం. మన దగ్గర సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు.

బతికిన పిల్లల సంగతీ చెప్పాలి. కొందరికి చూపు పోయింది, కొందరికి వినికిడి, కొందరు నడకా మాటా మళ్లీ నేర్చుకోలేదు. సీసం ఎముకల్లో చేరి దశాబ్దాల పాటు ఉంటుంది. అలాంటి పిల్లల్ని పదేళ్లు, ఇరవై ఏళ్లు వెంటపడి చూడాలంటే ఊరికి వచ్చిపోయే బృందాలతో కాదు, ఊళ్లో ఉండే మనుషులతోనే అవుతుంది. కానీ జంఫారాలో ఆ తర్వాత బందిపోట్ల కాలం నడిచింది. 2019 ఏప్రిల్‌లో ప్రభుత్వం అక్కడ తవ్వకాలన్నీ ఆపేయమంది, 2021 మార్చిలో రాష్ట్రం మీదుగా విమానాలే ఎగరొద్దంది. తుపాకుల మధ్య రక్తపరీక్షలకి తిరిగేదెవరు?

తవ్వకం ఆపండి అన్న ఆజ్ఞ మీద మాకు నమ్మకం లేదు. కడుపు నిండని చోట ఆజ్ఞ పెడితే పని రాత్రికి మారుతుంది, అంతకంటే ప్రమాదంగా మారుతుంది. 2015లో పక్కనే ఉన్న నైజర్ రాష్ట్రంలో షికిరా అనే ఊళ్లో మళ్లీ ఇదే కథ, ఐదేళ్లలోపు పిల్లలు 28 మంది పోయారు. అక్కడ చేసిన పని మాకు నచ్చింది. తవ్వొద్దు అనకుండా, రాయిని ఇంట్లోంచి ఊరి బయటికి మార్చడం, పొడిగా కాకుండా తడిపి పట్టడం, పని బట్టలతో ఇంట్లోకి రాకుండా చూడటం నేర్పారు. తడిపితే దుమ్ము లేవదు. ఇంతే, దీనికి నోబెల్ బహుమతి అక్కర్లేదు.

సీసం ఒక్క బంగారంతోనే వస్తుందనుకుంటే పొరపాటు. జంఫారాకి రెండేళ్ల ముందు, సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో థియరాయ్ సుర్ మేర్ అనే చోట 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు 18 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ పాత కారు బ్యాటరీలు పగలగొట్టి కరిగించేవాళ్లు. సీసం ధర పెరిగేసరికి ఇసుకలో కలిసిపోయిన సీసం ముక్కల్ని కూడా జల్లెడ పట్టి అమ్మడం మొదలైంది, ఆ ఇసుకే ఇళ్లలోకి వచ్చింది. ధర పెరగడం, పని ఇంట్లోకి రావడం, పిల్లలు పోవడం, ఆ తర్వాత ఎవరో బయటివాళ్లొచ్చి పేరు చెప్పడం, రెండు దేశాల్లోనూ ఇదే వరస.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గోల మనకెందుకు అనేవాళ్లకి ఏలూరు గుర్తుచేస్తాం. 2020 డిసెంబరు మొదటి వారం. వన్ టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు, నోట్లో నురగ, కాసేపు స్పృహ లేదు, లేచాక తలనొప్పి. కొద్దిరోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఆ తర్వాత పురుగుమందు వైపు వేలు తిరిగింది. మనకి జర్మనీ అక్కర్లేకపోయింది, హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఉంది, ఐఐసీటీ (రసాయన శాస్త్ర పరిశోధన సంస్థ) ఉంది, అందరూ వచ్చారు, నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ తీసుకెళ్లారు. అయినా ఆ విషం ఏ దారిన ఇంతమంది ఒంట్లోకి ఒక్కసారే వెళ్లిందన్నది తేలలేదు. ఎందుకంటే ఆ వారానికి ముందు ఏలూరు నీళ్లలో, కూరల్లో, జనం రక్తంలో మామూలుగా ఏముండేదో పోల్చి చూసుకోవడానికి సరైన లెక్కలుంటే కదా. ఘటన జరిగాక తీసిన నమూనా ఘటన గురించే చెబుతుంది, దానికి ముందురోజు గురించి చెప్పదు.

డరేటాలోనూ లేనిది అదే, ముందురోజు లెక్క. ఏ ఊళ్లో ఏ వయసు పిల్లలు ఎంతమంది పోతున్నారో నెలనెలా రాసే ఒక నర్సు, ఆ సంఖ్య పెరగ్గానే ఎందుకని అడిగే ఒక అధికారి, రక్తంలో సీసం చూసే చిన్న మిషన్ ఒకటి. చేత్తో పట్టుకెళ్లేంత మిషన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, వేలి నుంచి రెండు చుక్కల రక్తం చాలు. డెసిలీటరుకి 65 మైక్రోగ్రాములు దాటితే అవి అంకె చూపించవు, ‘ఎక్కువ’ అని మాత్రమే చూపిస్తాయి. జంఫారా పిల్లల్లో చాలామందికి చూపించేది ఆ ఒక్క మాటే అయినా, జర్మనీ నుంచి కబురొచ్చేదాకా ఆగకుండా ఆ మాట ముందే తెలిసి ఉండేది.

ఈ ఏడాది బడ్జెట్‌లో మన రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ, కాలుష్య నియంత్రణ మండళ్లూ కలిసి కూర్చుని ఒక్క పని చేయాలని మేం అడుగుతున్నాం. పాత బ్యాటరీలు కరిగించే చోట్ల, పరిశ్రమల పక్కన ఉన్న బస్తీల్లో పిల్లల రక్తంలో సీసం ఎంతుందో ఏటా చూసి, ఆ అంకెలు ఆ బస్తీవాళ్లకే తెలుగులో చెప్పండి. ఏలూరు వన్ టౌన్ నుంచే మొదలుపెట్టొచ్చు.