మాజీ రాష్ట్రపతికి నెలకు 5 లక్షలా? చట్టంలో ఉన్నది ఇదీ

వాట్సాప్ గ్రూపుల్లో ఆగకుండా తిరిగే సందేశం ఒకటుంది: ఒక్కరోజు రాష్ట్రపతిగా ఉన్నా చాలు, బతికినంతకాలం నెలకు 5 లక్షల జీతం, తరతరాలకు ఢిల్లీ బంగళా, ఇంటిల్లిపాదికీ దేశవిదేశాలకు ఉచిత విమానాలు, ఇక కేసుల బెడద ఉండదు, మాజీ ప్రధానికీ ఇవన్నీ ఇంతే అని. ఈ విషయాలకు 1951 నాటి రాష్ట్రపతి వేతన, పింఛను చట్టం ఉంది. చిన్న చట్టం, చదవడానికి పావుగంట చాలు.

నెలకు 5 లక్షలన్నది పదవిలో ఉన్నవారి జీతం. లక్షన్నరగా ఉన్నదాన్ని 2018లో ఆర్థిక చట్టం ద్వారా పెంచి, 2016 జనవరి 1 నుంచి వర్తింపజేశారు. దిగిపోయాక వచ్చే పింఛను ఆ జీతంలో సగం, అంటే రెండున్నర లక్షలు. చట్టం పింఛనును అంకెగా రాయకుండా జీతంలో ఇంత శాతమని రాసింది కాబట్టి, జీతం పెంచితే పింఛను కోసం విడిగా సవరణ తేనక్కర్లేదు. తప్పుపట్టదలచినవాళ్లు పట్టుకోవాల్సింది దీన్ని.

'ఒక్కరోజు చాలు' అన్నది సగం నిజం. కనీసం ఇన్నేళ్లు ఉండాలన్న షరతు లేదు. కానీ పదవీకాలం ముగిసి గానీ, రాజీనామా చేసి గానీ దిగినవారికే పింఛను. రాజ్యాంగం 61వ అధికరణ కింద పార్లమెంటు అభిశంసనతో తొలగిస్తే చట్టంలోని ఈ పింఛను సెక్షన్ వర్తించదు. ఇంతవరకూ ఎవరినీ అలా తొలగించలేదు, ఎన్నికైన రాష్ట్రపతి ఎవరూ రాజీనామా చేయలేదు. (1969లో వి.వి. గిరి రాజీనామా చేసేనాటికి ఆయన ఉపరాష్ట్రపతిగా ఉంటూ తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తున్నారంతే.) జాకీర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఒక్కరోజు రాష్ట్రపతి ఆ సందేశంలో తప్ప ఎక్కడా లేరు.

బంగళా సంగతి. అద్దె లేకుండా, సామానుతో, నిర్వహణ ఖర్చుతో సహా ఇల్లు ఇస్తారు. అది ఢిల్లీలోనే ఉండాలని లేదు, ప్రతిభా పాటిల్ పుణెలో స్థిరపడ్డారు. ఆ హక్కు జీవితకాలానిదే. ఆ తర్వాత బతికున్న భార్యకో భర్తకో ఇల్లు, ఉచిత వైద్యం, మాజీ రాష్ట్రపతి పింఛనులో సగం కుటుంబ పింఛనుగా దక్కుతాయి. పిల్లలకు ఇల్లు రాదు. ఢిల్లీలోని 10 రాజాజీ మార్గ్‌నే చూడండి. 2015లో అబ్దుల్ కలాం పోయాక అది కేంద్రమంత్రి మహేశ్ శర్మకు వెళ్లింది, 2017లో ప్రణబ్ ముఖర్జీకి వచ్చింది, ఆయన తర్వాత మల్లికార్జున ఖర్గేకు ఇచ్చారు. ఇందులో తరతరాల ఆస్తి ఎక్కడుంది?

ప్రయాణం: దేశం లోపల, అత్యున్నత తరగతిలో, వెంట ఒక్కరు. విమానం, రైలు, ఓడ ఏదైనా సరే. విదేశాల మాట చట్టంలో లేదు.

కేసుల విషయంలో సందేశం పూర్తిగా తప్పు. రాజ్యాంగం 361వ అధికరణ క్రిమినల్ కేసుల నుంచి ఇచ్చే రక్షణ 'పదవీకాలంలో' మాత్రమే. దిగిన మర్నాటి నుంచి అది ఉండదు.

మాజీ ప్రధాని లెక్క వేరు. ప్రధానిగా చేసినందుకంటూ ప్రత్యేక పింఛను చట్టం లేదు. వచ్చేది మాజీ ఎంపీ పింఛనే. అది 2023 ఏప్రిల్ 1 నుంచి నెలకు 31,000, ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ మరో 2,500. ఎస్పీజీ (ప్రత్యేక భద్రతా దళం) రక్షణ కూడా 2019 సవరణ తర్వాత పదవి వీడిన ఐదేళ్లకే పరిమితం. ప్రొటోకాల్ వరుసలోనూ మాజీ రాష్ట్రపతులు 5వ స్థానంలో, మాజీ ప్రధానులు 7వ స్థానంలో ఉంటారు.

మాజీ రాష్ట్రపతి సిబ్బందికీ లెక్కుంది: ఒక ప్రైవేట్ సెక్రటరీ, ఒక అదనపు ప్రైవేట్ సెక్రటరీ, ఒక పర్సనల్ అసిస్టెంట్, ఇద్దరు ప్యూన్లు. ఆఫీసు ఖర్చు ఏడాదికి లక్ష దాటకూడదు. పరిమితి లేనివి వేరే ఉన్నాయి. ఇంటి నిర్వహణకు, వైద్యానికి చట్టం రూపాయల్లో హద్దు గీయలేదు. నిజంగా ఖర్చు తెలుసుకోవాలంటే ఆ పద్దులు అడగాలి. ఢిల్లీలోని ప్రభుత్వ బంగళాల మరమ్మతు కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) చూస్తుంది. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెట్టి, ఫలానా ఇంటికి ఏ ఏడాది ఎంత ఖర్చయిందో సంవత్సరాల వారీగా, సివిల్ పనులు, కరెంటు పనులు విడివిడిగా అడగండి. 'మాజీ రాష్ట్రపతులకు మొత్తం ఎంత ఖర్చు' అని గుండుగుత్తగా అడిగితే ఆ దరఖాస్తు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు బదిలీ అవుతూ తిరుగుతుంది.