సవరణ: జరిగింది వెంటనే చెప్పించాలన్న మాట తప్పు

ప్రమాదం నుంచి బయటపడినవారి చేత జరిగినదంతా ఆ రోజే పూసగుచ్చినట్టు చెప్పిస్తే మనసు కుదుటపడుతుందని మొన్న రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను. అలా ఒకే విడతలో చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత భయం, పీడకలలు వదలకుండా వేధించే మానసిక రుగ్మత) రాకుండా ఆగదని, కొందరికి హాని కూడా జరగవచ్చని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నాటి మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి కూడా ఒత్తిడి చేయవద్దనే అంటుంది.

గ్లాసును రెండు చేతులా బిగించి పట్టుకుని తలుపు వైపే చూస్తున్న మనిషిని ‘అప్పుడు ఏం జరిగింది?’ అని తవ్వనక్కరలేదు. పక్కన కూర్చోవాలి, ఇంటివాళ్లకు ఫోను కలపాలి, తానే మాట్లాడితే వినాలి.

పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే నిపుణులను కలవాలి. వారి చికిత్సలో ఆ జ్ఞాపకాన్ని తలచుకోవడం ఉంటుంది, నిజమే. అయితే అది బాధితులు ఒప్పుకున్న మేరకే, మెల్లగా. ఆ రోజే చెప్పించడాన్నీ, ఈ చికిత్సనూ నేను కలిపేశాను.